గడ్డపాయన ఏ పార్టీ?

మా సంఘం రిజిస్టరు చాలా ఏళ్లు నా దగ్గరే ఉండేది. ఎర్ర అట్ట పుస్తకం, ఫ్యాక్టరీ స్టోర్సులో సరుకు లెక్కలు రాసుకునే రకం. నేను స్టోర్సు గుమాస్తాని, రాత గుండ్రంగా ఉంటుందని సంఘపెద్దలు ఆ పని నామీద పెట్టారు. పేరు, సొంత ఊరు, బాప్తిస్మం తేదీ, ఇచ్చిన అయ్యగారు. సొంత ఊరి గడి ఒక్కటి చూసుకుంటూ పోతే చాలు, మేమెవరమో తెలిసిపోతుంది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, వినుకొండ, నరసరావుపేట. మధ్యమధ్య నల్లగొండ, సూర్యాపేట. అన్నీ అమెరికన్ బాప్టిస్టు మిషను తిరిగిన ఊళ్లు. పటాన్‌చెరు అని రాసిన పేరు తొలి పేజీల్లో ఒక్కటీ లేదు.

నేను 1984 ఎండాకాలంలో మా బావ వెంట వచ్చాను. అప్పటికి మెదక్ ఎంపీ ఇందిరాగాంధీ. బొంబాయి రోడ్డు పక్కన షెడ్డు మీద షెడ్డు లేస్తోంది. మా ఊళ్లో పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాసే పని కంటే ఏ షిఫ్టయినా నయమే అనుకున్నాను. ఆదివారం వచ్చేసరికి ఆరాధనకు ఎటు పోవాలో తోచలేదు. ఈ వైపంతా మెదక్ డయాసిస్. వెస్లియన్ మిషనరీలు దున్నిన నేల. పోస్నెట్ దొర కట్టించిన మెదక్ గుడి 1924లో ప్రతిష్ఠ అయింది. 1947లో వాళ్లంతా దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్సైలో కలిశారు. మంచివాళ్లే, పిలిచి కూర్చోబెట్టేవాళ్లే. కానీ చంటిబిడ్డ నుదుటి మీద నీళ్లు చల్లి బాప్తిస్మం అంటే మా అమ్మ మొహం ముడుచుకునేది. అందుకని రామచంద్రాపురంలో భెల్ ఉద్యోగి ఒకాయన ఇంటి ముందుగదిలో కూడుకోవడం మొదలైంది. తర్వాత పటాన్‌చెరులో రేకుల షెడ్డు. చాలా తర్వాత స్లాబు.

ఆ రేకుల షెడ్డు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది వాక్యం కాదు, వాసన. శనివారం రాత్రి ఉపవాస ప్రార్థనలు పెట్టుకునేవాళ్లం. పదకొండు దాటాక గాలి మారేది. కుళ్లిన కోడిగుడ్డు వాసన, దానిమీద తియ్యగా, గొంతులో పట్టుకునే ఇంకో వాసన. నక్కవాగు మీద నురగ తేలుతూ ఉండేది. మొదట్లో బాప్తిస్మాలకు మంజీరకు పోయేవాళ్లం, లారీ మాట్లాడుకుని, పాటలు పాడుకుంటూ. కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మాలో ఎవరూ ఆ కేసు గురించి మాట్లాడినట్టు గుర్తులేదు. మా అన్నం ఆ పొగగొట్టాల కిందే కదా. గుడి లోపల సిమెంటు తొట్టి కట్టించుకున్నాం, బోరు నీళ్లు నింపాం. ఊరుకున్నాం.

అమ్మకు ఆ తొట్టి నచ్చలేదు. ఆమె లెక్కలో బాప్తిస్మం అంటే గుండ్లకమ్మ ఏరు. వాళ్ల ముత్తాత 1878లో, బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో మునిగినవాడట. ఆ కథ ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. కరువు వచ్చింది, దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని మాదిగవాళ్లకు పని చూపించాడు, కరువు సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. కరువు తీరాక జూలై 3న, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. అమ్మ చెప్పేదాంట్లో ఇంకా ఏదో ఉండేది, ముత్తాత నీళ్లలోంచి లేవగానే ఏదో అన్నాడని. ఆ మాట ఏంటో ఇప్పుడు ఎంత తవ్వినా అందడం లేదు. అడుగుదామంటే అమ్మ లేదు.

1980లు, 90లు మా సంఘానికి సువార్త సభల కాలం. సాకి చెరువు వైపు ఖాళీ స్థలంలో షామియానా, ట్యూబులైట్లు, అద్దెకు తెచ్చిన మైకు. గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో ప్రసంగీకుడు వచ్చేవాడు. చివర అందరూ కళ్లు మూసుకోవాలి, కీబోర్డు సన్నగా మోగుతుండాలి, ప్రభువును అంగీకరించినవాళ్లు చేతులెత్తాలి. నేను మాత్రం కళ్లు తెరిచి లెక్కపెట్టేవాణ్ణి. అదే నా పరిచర్య. స్టోర్సులో బస్తాలు లెక్కపెట్టే కన్ను కదా, వరస తప్పేది కాదు. ఒకే మనిషి మూడు రాత్రులూ చెయ్యెత్తితే మూడుసార్లు రాసేవాణ్ణి. ప్రసంగీకుడికి పెద్ద అంకె కావాలి, సంఘానికి పెద్ద అంకె కావాలి, నాకూ సరదాగానే ఉండేది. పాతికేళ్ల కుర్రాడికి అంతకంటే ఏం కావాలి, ఆత్మలన్నీ నా పెన్నుతోనే లోపలికి వస్తున్నట్టుండేది.

మా బాయిలర్ సెక్షన్‌లో మెదక్ వైపు మిత్రుడొకడు ఉండేవాడు, సీఎస్సై. నా అంకెలు విని నవ్వేవాడు. "గంతమంది రక్షణ పొందితే, ఆదివారం మీ షెడ్డుల జాగ ఎట్ల సరిపోతున్నదే?" అనేవాడు.

మార్పు ఎప్పుడు మొదలైందంటే ఒక తేదీ చెప్పలేను. మా పిల్లలు మాత్రం 2016 సెప్టెంబరు అంటారు, జియో సిమ్ములు వచ్చిన నెల. అంతకుముందు నైట్ షిఫ్టులో సినిమా పాటలు వినే కుర్రాళ్లు డేటా ఉచితం కాగానే ప్రసంగాల మీద పడ్డారు. జాన్ పైపర్, పాల్ వాషర్, జాన్ మకార్థర్. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, తెలుగు వివరణలు చేసేవాళ్లను వెతుక్కున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు కొత్త పాస్టరుగారు వచ్చారు. ఖమ్మం వైపు మనిషి, ముప్పై నిండి ఉంటాయేమో. కోటు వేసేవాడు కాదు. గట్టిగా అరిచేవాడు కాదు. మొదటి ఆదివారమే మైకు సౌండు తగ్గించమన్నాడు. మాకు అది పెద్ద వింత.

ఆయన రోమా పత్రిక మొదలుపెట్టాడు. మొదటి అధ్యాయం మొదటి వచనం దగ్గర మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా. మేం అప్పటిదాకా వాక్యాన్ని తిరనాళ్లలో మిఠాయి ఏరుకున్నట్టు ఏరుకున్నవాళ్లం, ఈ వారం కీర్తనలు, వచ్చే వారం ఏలీయా. ఆయన వరసగా పోతుంటే కొందరికి నిద్ర వచ్చేది, కొందరికి నిద్ర వదిలిపోయింది. ఎనిమిదో అధ్యాయం చివరికి వచ్చేసరికి అంతా బాగానే ఉంది. తొమ్మిదో అధ్యాయంలో యాకోబు, ఏశావు వచ్చారు. ఇద్దరూ కడుపులో ఉండగానే, మంచీ చెడూ చెయ్యకముందే, దేవుడు ఒకణ్ణి ఏర్పరచుకున్నాడు. మేం ఆ అధ్యాయం చదవక కాదు, ఎప్పుడూ దాని మీదుగా గబగబా నడిచిపోయేవాళ్లం. ఆయన అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

బుధవారాలు బోర్డు పెట్టి ఐదు సూత్రాలు రాసేవాడు. మనిషి సంపూర్ణ భ్రష్టత్వం, షరతులు లేని ఎన్నిక, పరిమిత ప్రాయశ్చిత్తం, ఎదురులేని కృప, పరిశుద్ధుల కడవరి స్థిరత్వం. ఇవి కాల్విన్ రాసుకున్న పట్టిక కాదని, ఆయన పోయాక చాలా ఏళ్లకు 1618–19లో డార్ట్ సభ ఇచ్చిన జవాబులని కూడా చెప్పాడు. నాకు ఎక్కువ పట్టుకున్నది ఇంకో సంగతి. విలియం కేరీ కాల్వినిస్టు బాప్టిస్టట. మన భాషలో కొత్త నిబంధన మొత్తంగా మొదట అచ్చయింది 1818లో, ఆయన శ్రీరాంపూర్ ముద్రణాలయంలోనే. మన దగ్గరికి అమెరికా నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఆ బోధ అప్పటికే మెత్తబడిందని, 1833 న్యూ హాంప్‌షైర్ ఒప్పుకోలు చూస్తే తెలుస్తుందని అన్నాడు. "అంకుల్, నేను కొత్తది తేవడం లేదు. మన తాతల కంటే ముందున్నదాన్ని తెస్తున్నాను" అన్నాడు నాతో. ఆ మాట అప్పుడు గొప్పగా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, మన తాతల కంటే ముందున్నది లండన్‌లో రాసిన విశ్వాస ప్రకటనలో ఉందని వినడానికి నాకు అంత సంబరం ఎందుకో.

సంఘంలో ఫిట్టర్ హెల్పరు ఒకతను ఉన్నాడు, కాంట్రాక్టు లేబరు. ఏళ్ల తరబడి అదే గేటు, ఏటా కాంట్రాక్టరు మారతాడు, ఇతని పేరు పర్మనెంటు లిస్టులోకి ఎక్కదు. కడవరి స్థిరత్వం మీద బోధ అయ్యాక బయట చెప్పులేసుకుంటూ నన్నడిగాడు: "అంటే అన్నా, దేవుడు ఒక్కసారి తీసుకున్నాడంటే ఇంక గేటు బయటికి పంపడు. పర్మనెంటు. అంతేనా?" అంతే తమ్ముడూ అన్నాను. "పని బాగా చేశానని కాదు, రికమెండేషనూ కాదు?" కాదు. అతను కాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఆ సిద్ధాంతం గురించి తర్వాత ఎన్ని తగవులు విన్నా, అతని మొహం గుర్తొచ్చి నేను పూర్తిగా అవతలి పక్షానికి పోలేకపోయాను.

2017 అక్టోబరు 31కి సంస్కరణోద్యమానికి ఐదువందల ఏళ్లు. మా సంఘ చరిత్రలో మొదటిసారి ఆ పండగ చేశాం. ఫ్లెక్సీ కొట్టించే పని నాది. పటాన్‌చెరు చౌరస్తా దగ్గర దుకాణంలో లూథరు, కాల్విను, కేరీ, స్పర్జను ఫోటోలు ఫోన్లోంచి పంపించాను. కుర్రాడు కంప్యూటరు మీద కాల్విన్‌ను పెద్దది చేసి అడిగాడు, "ఈ టోపీ పెట్టుకున్న గడ్డపాయన ఏ పార్టీ సార్? కింద గులాబీ రంగు పెట్టాల్నా?" పార్టీ కాదు బాబూ, చచ్చిపోయి నాలుగొందల యాభై ఏళ్లు దాటింది అన్నాను. "ఓ, వర్ధంతా" అని నలుపు పెట్టాడు. ఆ ఫ్లెక్సీ నలుపు అంచుతోనే కట్టాం. మెదక్ మిత్రుడు చూసి ఫోను చేశాడు. వాళ్ల వెస్లీ 1739లోనే ఈ ముందస్తు నిర్ణయం బోధకు ఎదురుగా ప్రసంగం అచ్చువేశాడని, దానిమీద ప్రాణస్నేహితుడు వైట్‌ఫీల్డుతోనే చెడిందని వాళ్ల అయ్యగారు చెప్పాడట. "మీ దేవుడు ముందుగాల్నే లిస్టు రాసిపెట్టుకున్నడంట గద. మరి నువ్వు గిన్నేండ్లు చేతులెందుకు లెక్కవెట్టినవే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫోను పెట్టేశాక నవ్వొచ్చింది.

చేతులెత్తడం అప్పటికే ఆగిపోయింది. పాస్టరుగారు నిషేధించలేదు, పిలవడం మానేశాడంతే. ప్రసంగం, ప్రార్థన, ఇంటికి. తైలం సీసాలకు ప్రార్థన చేయించుకునే అలవాటు పోయింది. క్రిస్మస్ డాన్సు పోయింది. ఇవన్నీ జనం మింగారు. మింగలేనిది రిజిస్టరు దగ్గర వచ్చింది.

సభ్యత్వం అంటే తిరిగి జన్మించినవాళ్లదే అని బాప్టిస్టులు మొదట్నుంచీ చెప్పేదే. ఆయన దాన్ని నిజంగా చేద్దామన్నాడు. ఏళ్లుగా రానివాళ్ల పేర్లు తీసెయ్యాలి, ఉన్నవాళ్లు ఒక్కొక్కరు పెద్దల ముందు కూర్చుని తమ సాక్ష్యం చెప్పాలి, సంఘ నిబంధన మీద సంతకం పెట్టాలి, 1689 లండన్ విశ్వాస ప్రకటన చదవాలి. కమిటీ పోయి పెద్దల మండలి రావాలి. కాగితం మీద చూస్తే ఒక్క ముక్కా తప్పు కాదు. కానీ ఆ రిజిస్టరులో పేరు ఉంటేనే పెళ్లికి లేఖ, ఉంటేనే సమాధికి చోటు, ఉంటేనే ఊళ్లో ఉన్న తమ్ముడికి "మా గుడి" అని చెప్పుకునే మాట. ఊరొదిలి వచ్చినవాళ్లకు అదొక్కటే ఇక్కడ ఊరు.

సర్వసభ్య సమావేశం ఎండాకాలంలో పెట్టారు, ఏ ఏడో సరిగ్గా చెప్పలేను, 2018 అనుకుంటాను. కరెంటు పోయింది. వినుకొండ వైపు పెద్దాయన లేచి, బైబిలు హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం దగ్గర తెరిచి పట్టుకుని, వెలిగించబడినవాళ్లు తప్పిపోతారని ఇక్కడ స్పష్టంగా ఉంటే కడవరి స్థిరత్వం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. పాస్టరుగారు నింపాదిగా, వాళ్లు నిజంగా ఎన్నడూ తిరిగి జన్మించనివాళ్లని చెప్పబోయాడు. "అట్లయితే మేమూ అంతేనేమో, మా పేర్లు కొట్టెయ్" అన్నాడు పెద్దాయన. స్త్రీల సమాజం వైపు నుంచి ఎవరో ఏడ్చారు. ఆ గొడవలో క్లౌ దొర కూడా వచ్చాడు. ఒక్కరోజులో రెండువేల మందిని ముంచితే ఎవరి మారుమనస్సు ఎవరు పరీక్షించారని కుర్రాళ్లలో ఒకడు అన్నాడు. ఆ మాట పాస్టరుగారిది కాదు, కానీ ఆయన ఆపలేదు. నేను లేచి, బోధకులు ఊళ్లలో ముందే విచారించి తెచ్చినవాళ్లే వాళ్లు, క్లౌ దొర నీళ్లలో దిగకుండా ఒడ్డున ఉన్నాడంటారు అని చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. ఆ గదిలో ఆ మాట నిజానికి ఎవరికీ అక్కర్లేదు. ఎన్నిక గురించి తగువు పడుతున్నామనుకున్నాం. పేర్లు ఎవరు రాయాలన్నదే తగువు.

ఆ తర్వాతి వారం రిజిస్టరు పెద్దల మండలికి అప్పజెప్పాను. సగం మంది వేరే పోయి రెండు సందుల అవతల హాలు తీసుకున్నారు. మా ఆవిడ వాళ్లతో పోయింది. నేను ఇక్కడే ఉన్నాను. ఇద్దరం దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ఒక్క స్కూటరే ఉంది, ఆమెను అక్కడ దింపి నేను ఇక్కడికి వచ్చేవాణ్ణి.

అమ్మ ఎటూ పోలేదు, మంచం పట్టింది. పాస్టరుగారు ప్రభువు బల్ల ఇవ్వడానికి ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు రొట్టె తీసుకున్నాక ఆయన చెయ్యి వదల్లేదు. "నాయనా, మా పెద్దోడు ఏర్పాటులో ఉన్నాడా, లేడా?" అంది.

మా అన్న 1997లో పోయాడు, మద్యనిషేధం ఎత్తేసిన ఏడాది. బొంబాయి రోడ్డు మీద లారీ. తాగి ఉన్నాడు. చెయ్యెత్తినవాడు కాదు, గుడి గడప తొక్కినవాడు కాదు, కానీ అమ్మ పాడే కీర్తనలు అన్నీ నోటికొచ్చు. సమాధి దగ్గర అప్పటి అయ్యగారు, పేరెందుకు, అవకాశం ఇచ్చినప్పుడు అంగీకరించనివాడి గతి ఏంటో అరగంట చెప్పాడు. అమ్మ మట్టి మీద కూర్చుని విన్నది. మేం ఎవరం ఆయన్ను ఆపలేదు. అప్పుడు నాకు ఆ ప్రసంగం బాగానే ఉన్నట్టు కూడా అనిపించింది, నలుగురు కదిలారు కదా అని.

ఈ కుర్ర పాస్టరు అమ్మ ప్రశ్నకు వెంటనే ఏమీ అనలేదు. "నాకు తెలీదు అమ్మమ్మా" అన్నాడు చివరికి. "ఎవరికి తెలుస్తుంది. ఆఖరి నిమిషంలో లారీ కింద దేవుడు ఏం చేశాడో నేనెట్లా చెప్తాను."

"తెలీదన్నావు, బాగుంది" అంది అమ్మ. "ఇన్నాళ్లూ వచ్చినోళ్లందరికీ తెలుసు." తర్వాత ఆయనకు మజ్జిగ ఇమ్మని నన్ను కేకేసింది.

2020 లాక్‌డౌన్‌లో రెండు గుళ్లూ ఫోనులోకి వచ్చాయి. ఒకే ఇంట్లో ఆ గదిలో మా ఆవిడ, ఈ గదిలో నేను. తర్వాత మళ్లీ మామూలే.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు. శబ్దం నేను వినలేదు, విన్నానని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నలభై మందికి పైగా పోయారు. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. పటాన్‌చెరు ఆస్పత్రి దగ్గర డీఎన్‌ఏ పరీక్షల కోసం బంధువులు రోజుల తరబడి ఎదురుచూశారు. మా ఫిట్టరు అక్కడ నీళ్ల ప్యాకెట్లు పంచుతూ కనిపించాడు. అతనిది వేరే ఫ్యాక్టరీ, ఇప్పటికీ కాంట్రాక్టే. "ఇది కూడా ముందే రాసిందేనా అన్నా?" అనడిగాడు. నేను పాస్టరుగారిని అడగమన్నాను. తప్పించుకోవడమే అది. ఆదివారం ఆయన లూకా పదమూడు తీసుకున్నాడు, సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతి. దేవుని చేతిలో లేనిది ఏదీ లేదన్నాడు, అంతమాత్రాన మనుషులు చెయ్యాల్సిన పనికి మనుషుల బాధ్యత తప్పదన్నాడు, అంతకుమించి తనకు చెప్పడం రాదన్నాడు. చిన్న ప్రసంగం. ఫిట్టరు తల ఊపలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. నాకేమో మొదటి మాట ఆ రోజు అనకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఆ మాట లేకపోతే ఆయన నమ్మేది మొత్తం కూలిపోతుందనీ తెలుసు.

మొన్నటి ఆదివారం మా ఆవిడ వెళ్లే హాలులో ఆరాధన ఆలస్యమైంది. అక్కడ ఇంకా చేతులెత్తుతారు, కీబోర్డు వాయిస్తారు, కళ్లు తెరిచి లెక్కపెట్టేవాడు ఎవడో ఉండే ఉంటాడు. నేను గేటు బయట స్కూటరు మీద కూర్చున్నాను. ఆవిడ వచ్చి వెనక ఎక్కి, చీర సర్దుకుంటూ అడిగింది, "మీ అయ్యగారు ఇప్పుడు ఏ పత్రిక చెప్తున్నాడు?"

"హెబ్రీ. నాలుగో అధ్యాయంలో ఉన్నాడు."

"ఆరు దగ్గరికి వచ్చిన వారం చెప్పు. ఆ రోజు నేనూ వస్తా" అంది. "ఎట్లా దాటతాడో చూస్తా."